కాపలా కుక్కను శరణాలయం నుండి తెచ్చుకొనుట



కలికిరి చుట్టుపక్కల పల్లెలలో చేను ఉన్నవారికి కుక్క కావలసిందే. టమాట తోటలోకి, చెనిక్కాయ చేలోకి అడవి పందులు రాకుండా ఒకటి, గొర్రెల మంద వెంట ఒకటి, కొట్టం ముందర ఒకటి. ఆవును కొనేటప్పుడు అంగళ్లు సంతలో పళ్లు చూస్తాము, పొదుగు చూస్తాము, నాలుగడుగులు నడిపించి చూస్తాము. కుక్క దగ్గరకు వచ్చేసరికి ఆ జాగ్రత్త ఏమీ ఉండదు. వీధిలో ఎక్కడో ఈనిన కుక్కపిల్లను తట్టలో వేసుకొని వస్తాము, ఒక సంగటి ముద్ద వేస్తాము, ఆ మీదట దాని బతుకు దానిది. చేతిలో డబ్బు ఆడేవారైతే పట్నం పోయి వేలకు వేలు పోసి సీమజాతి కుక్కను కొంటారు. ఈ రెండూ కాక మూడవ దారి ఒకటి ఉన్నది. అది జంతు శరణాలయం నుండి సంకరజాతి కుక్కను తెచ్చి పెంచుకోవడం. ఆ కుక్కను ఎట్లా ఎంచుకోవలెను, తెచ్చిన తరువాత ఏమేమి చేయవలెను అన్న సంగతులు ఇప్పుడు చెప్పుకుందాం.

"సార్, మా ఊళ్లో కుక్కలకేం కరువు? వీధి నిండా ఉండాయి. దానికోసం పట్నం పోవల్నా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కూడా సూటిగానే చెబుతాను. మంచి శరణాలయంలో ఉన్న కుక్కకు డాక్టరు పరీక్ష అయి ఉంటుంది, పిచ్చికుక్క వ్యాధి టీకా పడి ఉంటుంది, వయసు వచ్చినదైతే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా జరిగి ఉంటుంది. దాని గుణం ఎట్లాంటిదో నాలుగు నెలలుగా దానికి కూడు పెట్టిన మనిషి మీకు చెప్పగలడు. వీధి కుక్కపిల్ల విషయంలో ఇవన్నీ మీరే చేయించుకోవాలి. చేయించుకోగలిగితే వీధి కుక్కయినా మంచిదే. కుక్క ఎక్కడి నుండి వచ్చిందన్నది పెద్ద మాట కాదు. టీకా పడిందా, ఆపరేషన్ అయిందా, దానికి ఒక యజమాని ఉన్నాడా అన్న మూడు మాటలే అసలైనవి.

ఈ మూడు మాటలూ ఎందుకు ముఖ్యమో ముందు వివరిస్తాను. పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబీసు, లక్షణాలు బయటపడిన తరువాత దాదాపుగా మరణమే. మందు లేదు. మనుషులకు వచ్చే రేబీసులో నూటికి 99 పాళ్లు కుక్కల వలననే వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అనుమానపు కుక్కలు కరిచినవారిలో నూటికి 40 మంది 15 ఏళ్ల లోపు పిల్లలే. అయితే ఇదే సంస్థ చెప్పే ఇంకొక లెక్క మనకు ధైర్యం ఇస్తుంది. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి 70కి టీకా వేసి, ఏటేటా ఆ లెక్క తగ్గకుండా చూసుకుంటే, వ్యాధి ఒక కుక్క నుండి మరొక కుక్కకు పాకే దారి తెగిపోతుంది. మిగిలిన 30 కుక్కలకు టీకా లేకపోయినా వ్యాధికి నిలవ నీడ దొరకదు. చేను చుట్టూ వేసిన ముళ్ల కంచె ఎట్లాంటిదో ఊరికి ఈ 70 కుక్కలు అట్లాంటివి. మీరు తెచ్చుకొన్న కుక్కకు టీకా వేయిస్తే ఆ కంచెలో ఒక కంప వేసినట్లు. వేయించకపోతే ఒక గండి పెట్టినట్లు. కుక్కల ద్వారా వచ్చే రేబీసును 2030 నాటికి దేశంలో లేకుండా చేయాలని భారత ప్రభుత్వం 2021లో ఒక కార్యప్రణాళికను ప్రకటించింది. అది నెరవేరేది ఢిల్లీలో కాదు, మన కొట్టాల ముందరనే.

ఇక శరణాలయాల సంగతి. మన మదనపల్లె, కలికిరి వైపు వారికి అందుబాటులో ఉన్నవాటిలో పుట్టపర్తి దగ్గరి కరుణా సొసైటీ ఒకటి. బెంగుళూరులో 1991లో మొదలైన క్యూపా అనే సంస్థ ఉన్నది. మద్రాసులో 1959లో వెలసిన బ్లూ క్రాస్ ఉన్నది. హైదరాబాదులో 1992 నుండి హైదరాబాద్ బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996 నుండి విశాఖ జంతు సంరక్షణ సంఘం పనిచేస్తున్నాయి. బయలుదేరే ముందు ఫోను చేసి, ఇప్పుడు ఏ కుక్కలు ఉన్నవి, పల్లెకు ఇస్తారా, ఏ కాగితాలు కావాలి అని కనుక్కొని పోవడం మంచిది. సాధారణంగా గుర్తింపు కార్డు అడుగుతారు, ఇంటి వివరాలు అడుగుతారు, కుక్కను రోజంతా గొలుసుకు కట్టివేయబోమని రాయించుకొంటారు. పెంచుకోలేకపోతే వీధిలో వదలక తిరిగి తమకే అప్పగించమని చెబుతారు. ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోవద్దు. మన ఆడపిల్లను ఇచ్చేటప్పుడు మనం ఎన్ని ప్రశ్నలు అడగం!

ఈ విషయంలో మన మదనపల్లె వారికి ఒక దూరపు చుట్టరికం కూడా ఉన్నది. మదనపల్లెలో 1915లో దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించినది అనీబిసెంటు. ఆమె నడిపిన దివ్యజ్ఞాన సమాజంలోనే పెరిగిన మనిషి రుక్మిణీదేవి అరుండేల్. నాట్యానికి ఆమె చేసిన సేవ అందరికీ తెలుసు. 1952లో రాజ్యసభకు నియమితురాలైన తరువాత ఆమె మూగజీవాలను హింసించకుండా ఒక బిల్లును సభలో ప్రవేశపెట్టింది. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇవ్వడంతో దానిని వెనక్కు తీసుకొన్నది. ఆ చట్టం 1960లో వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. మరీ పొట్టి గొలుసుతోనో, బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టివేయడం నేరమని ఆ చట్టంలోనే ఉన్నది. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తిప్పకుండా వదిలివేయడమూ, పెంచిన జంతువును గాలికి వదిలిపెట్టడమూ నేరమే.

వీధి కుక్కల సంగతి ఈ మధ్య సుప్రీంకోర్టు దాకా పోయింది. 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో కోర్టు, పట్టుకొన్న వీధి కుక్కలకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకొన్న చోటనే వదలవలెనని చెప్పింది. పిచ్చి పట్టినవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలరాదన్నది. ఎవరైనా వీధి కుక్కను పెంచుకొంటామంటే పురపాలక సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చుననీ, తీసుకొన్న కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత తీసుకొన్నవారిదేననీ కూడా చెప్పింది. చెవి కొన కత్తిరించి ఉన్న కుక్కను మీరు చూసే ఉంటారు. అది దెబ్బ కాదు. ఆపరేషన్ అయిందని తెలియడానికి పెట్టిన గుర్తు.

కుక్కను ఎంచుకోవడం ఎట్లాగో చూద్దాం. సంకరజాతి అనగానే చిన్నచూపు వద్దు. మన పుంగనూరు ఆవును చూడండి. చిన్న ఒళ్లు, తక్కువ మేత, ఎండకు తట్టుకొనే గుణం. తరతరాలుగా ఈ నేల మీదనే బతికి వచ్చినందువలన దానికి ఆ గుణాలు అబ్బినవి. మన ఊరి కుక్క కూడా అట్లాంటిదే. పొట్టి వెంట్రుక, నడిమి ఒళ్లు, సన్నని నడుము, మెలకువగల చెవి. మంచు దేశాల నుండి వచ్చిన బొచ్చు కుక్క మన చైత్ర వైశాఖాల ఎండలో రొప్పుతూ మూల పడి ఉంటుంది. ఒకే జాతిలో దగ్గర చుట్టరికాన్ని కలిపి పుట్టించిన కొన్ని పెద్ద కుక్కలకు తుంటి కీలు జబ్బు పుట్టుకతోనే వెంటవస్తుంది. నానా రక్తాలు కలిసిన కుక్కలో ఇట్టి లోపాలు తక్కువ. అంతమాత్రాన దానికి జబ్బులే రావనుకోకూడదు. రేబీసుకు, రక్త విరేచనాల పార్వో జబ్బుకు జాతి తేడా లేదు. టీకా అన్నిటికీ కావలసిందే.

పిల్లనే తెచ్చుకోవాలన్న పట్టుదల కూడా అవసరం లేదు. పిల్ల ఎట్లా ఎదుగుతుందో ఎవరూ చెప్పలేరు. రెండేళ్ల కుక్క ఎట్లా ఉందో కంటికి కనబడుతుంది. అది కోళ్లను చూసి ఉరుకుతుందా, పిల్లలు దగ్గరకు వస్తే తోక ఊపుతుందా, తింటున్నప్పుడు గుర్రుమంటుందా అన్నది ఒక పూట కూర్చొని చూడండి. వయసు చెప్పడానికి పళ్లు చూడవచ్చు. ఆరేడు నెలలకు పాలపళ్లు ఊడి గట్టి పళ్లు వస్తాయి. కన్ను తేటగా, ముక్కు శుభ్రంగా, ఒంటి మీద గజ్జి మచ్చలు లేకుండా, నాలుగు కాళ్లూ సమంగా మోపి నడిచేది కావలెను. మూలకు నక్కి వణికే కుక్కను చూసి జాలిపడడం మంచిదే. కాని చంటిబిడ్డలున్న ఇంటికి అది తగదు.

ఆడకుక్క మాట ఒకటి చెప్పాలి. మన పల్లెలలో మగపిల్లను ఏరుకొని తెస్తారు, ఆడపిల్లలను చెరువు గట్టున వదిలేస్తారు. ఏటా రెండు ఈతలు ఈనుతుందని, ఆ పిల్లలను ఏం చేయాలో తెలియదని భయం. కుక్క చూలు 63 రోజులు, ఈతకు నాలుగో ఆరో పిల్లలు. ఆ భయం ఉత్తది కాదు. కాని ఆపరేషన్ అయిన ఆడకుక్కకు ఈ బాధ ఏదీ లేదు. ఎదకు వచ్చి పది కుక్కలను ఇంటి ముందుకు తేదు. ఊరు విడిచి తిరగదు. కాపలాకు మగకుక్క కంటే ఏ విధంగానూ తీసిపోదు. శరణాలయాలలో ఇట్లాంటి ఆడకుక్కలు ఎవరూ అడగక ఏళ్ల తరబడి పడి ఉంటాయి. వాటిని ఒకసారి చూడండి.

ఇంటికి తెచ్చేటప్పుడు టమాట దించి వచ్చే లారీలో ఖాళీ పెట్టెల మధ్య కట్టి తేవద్దు. దారిలో ఉరి పడవచ్చు, దూకవచ్చు. గాలి ఆడే పెట్టెలోగాని, కారులో మనిషి పక్కనగాని తేవలెను. బయలుదేరే ముందు రెండు మూడు గంటలు కూడు పెట్టకుండా, నీళ్లు మాత్రం ఇస్తూ తేవలెను. శరణాలయం వారిచ్చిన టీకా కార్డును ఇంటి పట్టా కాగితాల మాదిరిగా జాగ్రత్త చేయండి. ఆ కార్డు లేని కుక్కకు టీకా పడనట్లే లెక్క.

కొత్త కుక్కకు మూడు రోజులు భయం, మూడు వారాలు అలవాటు, మూడు నెలలకు ఇల్లు అని పెంపకందారులు ఒక లెక్క చెబుతారు. మొదటి మూడు రోజులు కొట్టంలో ఒక మూల గోనెపట్టా పరిచి, నీళ్ల తొట్టి పెట్టి, ఊరి వారందరినీ చూడడానికి పిలవకుండా వదిలేయండి. కూడు పెట్టేది ఒకే మనిషి కావలెను. ఆవులకు, గొర్రెలకు, కోళ్లకు పరిచయం చేసేటప్పుడు పొడవాటి తాడుతో పట్టుకొని, దూరం నుండి రోజుకు కొంచెం దగ్గరగా తీసుకొని పోవలెను. ఉరికితే కొట్టవద్దు, వెనక్కు లాగండి. ఊరుకొన్నప్పుడు ఒక ముక్క పెట్టండి. తింటున్న కుక్క జోలికి, నిద్రపోతున్న కుక్క జోలికి పోవద్దని పిల్లలకు నేర్పండి. ఐదేళ్ల లోపు బిడ్డను ఏ కుక్క దగ్గరా ఒంటరిగా వదలవద్దు.

కూటి విషయం. సంగటి, మజ్జిగ మంచివే, కాని అవి మాత్రమే చాలవు. వారానికి నాలుగైదుసార్లు గుడ్డో, ఉడికించిన మాంసమో కలపండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష కుక్కకు విషం. ఉడికిన కోడి ఎముకలు పేగును చీలుస్తాయి. బూజు పట్టిన చెనిక్కాయలు, వాటి పిండి అసలే పెట్టవద్దు. ఆ బూజులోని విషం కుక్క కాలేయాన్ని పాడుచేస్తుంది. ఎలుకల మందు కలిపిన ఎర, పురుగుమందు కలిపిన బకెట్టు అందకుండా ఉంచండి. అడవి పందులకని చేని చుట్టూ కరెంటు తీగ కట్టడం నేరం. ఆ తీగకు ముందు చచ్చేది మీ కుక్కే, తరువాత మనిషి.

గొర్రెలున్నవారు ఒక సంగతి మరువరాదు. గొర్రెను కోసినప్పుడు కాలేయంలో, ఊపిరితిత్తులలో నీటి బుడగలు కనబడితే వాటిని కుక్కకు వేయవద్దు. ఆ బుడగలలో బద్దెపురుగు పిల్లలు ఉంటాయి. అవి కుక్క పేగులో పెద్దవై, దాని పెంట ద్వారా గుడ్లు మేతలోకి, అక్కడినుండి మళ్లీ గొర్రెలోకి పోతాయి. ఆ గుడ్లు మనిషి కడుపులోకి పోతే మన కాలేయంలోనూ అట్టి బుడగలే లేస్తాయి. బుడగలున్న భాగాన్ని కాల్చివేయండి, లేదా లోతుగా పూడ్చండి. కుక్కకు మూడు నెలలకు ఒకసారి నట్టల మందు వేయించండి. గోమార్లు పట్టినప్పుడు పశువులకు కొట్టే మందునే కుక్కకు కొట్టవద్దు. ఏ మందు ఎంత మోతాదు అన్నది పశువుల డాక్టరు చెప్పాలి. నేను చెప్పేది కాదు, పక్కింటి వారు చెప్పేదీ కాదు.

రేబీసు టీకా మూడు నెలల వయసులో మొదలు. ఆ తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం ప్రతి ఏడూ వేయించవలెను. లూయీ పాశ్చర్ 1885 జులై 6న ఒక బాలుడికి మొదటిసారి ఈ వ్యాధికి టీకా వేశాడు. ఆ రోజును జంతువుల నుండి మనుషులకు వచ్చే వ్యాధుల దినంగా పాటిస్తారు. ఆ రోజున మన పశువుల ఆసుపత్రులలో పెంపుడు కుక్కలకు ఉచితంగా ఈ టీకా వేస్తుంటారు. ఆ తేదీని పంచాంగంలో గుర్తు పెట్టుకొంటే చాలు, ఏడాదికోసారి మరుపు ఉండదు.

ఎన్ని జాగ్రత్తలు తీసుకొన్నా ఏదో ఒక కుక్క కరవవచ్చు. అప్పుడు సున్నం, కారం, కాఫీపొడి, ఆకుపసరు ఏదీ పెట్టవద్దు. పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు గాయాన్ని కడగండి. ఇది చిన్న పనిలాగా కనబడుతుంది, కాని గాయంలోని విషక్రిములను చాలావరకు పోగొట్టేది ఇదే. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టించుకోండి. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు గురించి డాక్టరును అడగండి. చెప్పిన తేదీలన్నిటికీ పోవలెను, రెండు సూదులతో ఆపరాదు. కరిచిన కుక్కను చంపకుండా 10 రోజులు కనిపెట్టి చూడండి. ఆ పది రోజులూ అది బాగా ఉంటే కరిచిననాడు దాని చొంగలో రేబీసు లేదని అర్థం. అయితే ఆ పది రోజులు గడిచేదాకా టీకా ఆపి కూర్చోవద్దు.

ఇంకొక హెచ్చరిక పాడి రైతులకు. పిచ్చికుక్క కరిచిన ఆవుకు వారాలో నెలలో గడిచాక వ్యాధి బయటపడవచ్చు. ఆవు మేత ముట్టదు, వింతగా అరుస్తుంది, నోటివెంట చొంగ కారుతుంది. గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చేయి పెడతారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. అట్టి ఆవును దూరంగా కట్టి డాక్టరును పిలవండి. కుక్క విషయంలోనూ అంతే. దవడ వేలాడి చొంగ కారుతుంటే ఎముక ఇరుక్కుందని చేయి పెట్టవద్దు. ఆవును కుక్క కరిచిన రోజే గాయాన్ని కడిగి పశువుల ఆసుపత్రిలో చెబితే దానికీ టీకాలు ఉన్నవి.

కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అడవి అంచున చేలున్నవారు రాత్రిపూట కుక్కను వదలకుండా ఇంటి దగ్గరనే ఉంచండి. ఏనుగును చూసి కుక్క మొరుగుతుంది, ఏనుగు తరుముకొస్తుంది, కుక్క నేరుగా యజమాని కాళ్ల దగ్గరకే పరుగెత్తుకొని వస్తుంది.

చివరగా, తెచ్చుకొనే ముందు ఇంట్లో అందరూ కూర్చొని ఒక లెక్క వేసుకోండి. కుక్క పది పన్నెండేళ్లు బతుకుతుంది. దాని కూడు ఎవరు పెడతారు? ఏటా టీకాకు ఎవరు తీసుకొని పోతారు? పెళ్లికో జాతరకో ఊరు విడిచిపోతే ఎవరు చూస్తారు? ముసలిదై మొరగలేని రోజున కూడా కొట్టంలో దానికి చోటు ఉంటుందా? ఈ నాలుగు ప్రశ్నలకూ ఇంట్లో జవాబు దొరికితే నిస్సంకోచంగా తెచ్చుకోండి. దొరకకపోతే ఈ ఏడు ఆగండి. ఆగినంత మాత్రాన తప్పేమీ లేదు. ఈలోగా మీ వీధిలో తిరిగే కుక్కకు ఈ జులైలో టీకా వేయించగలరేమో చూడండి. ఊరి కంచెలో ఆ కంప కూడా లెక్కకు వస్తుంది.